సగం చంద్రుడి గీత

టెలిస్కోపులో చంద్రుడు వంకరగా కనిపించాడు.

క్రేను ఆపరేటరు కన్ను పక్కకు తీసి, ఇందుకోసమే జేబులో పెట్టుకున్న మెత్తటి గుడ్డతో ఐపీస్ కటకం తుడిచి, మళ్లీ కన్ను ఆనించాడు. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పటి ఎరుపని తెలుస్తూనే ఉంది. నడినెత్తిన సగం చంద్రుడు సుద్దముక్కలా తెల్లగా ఉన్నాడు. సరిగ్గా సగం ఉన్న రోజున వెలుగూ చీకటీ కలిసే గీత పై నుంచి కింది దాకా నిటారుగా ఉండాలి. గుంటల దగ్గర రంపం పళ్లలా కాస్త అటూ ఇటూ ఉన్నా మొత్తం మీద తిన్నగానే ఉండాలి. ఇవాళ ఆ గీతకు నడిమధ్యన బొజ్జ వచ్చింది.

నిన్న కూడా ఇలాగే అనిపిస్తే అద్దం మీద మరకనుకున్నాడు. గొట్టం అడుగున మూడు మరలూ విప్పి, పళ్లెమంత అద్దాన్ని బయటికి తీసి, పసిపిల్లకు తలంటినట్టు వేలి గోరైనా తగలకుండా నీళ్లు పోసి కడిగాడు. దూది ఆనీ ఆననట్టు అద్ది, గోడకు ఏటవాలుగా నిలబెట్టి ఆరబెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ పని దొరికినందుకు లోలోపల సంతోషించాడు. ఇంట్లో కూచుంటే భార్య ముఖం చూడాలి.

అద్దం ఇప్పుడు అద్దంలా ఉంది. అయినా గీత వంకరే.

ఇంక వెలుగు మారిపోతుందని ఐపీస్ తీసేసి, దాని స్థానంలో కెమెరా బిగించాడు. మీట వేలితో నొక్కితే గొట్టం వణుకుతుంది, వణికితే చంద్రుడు కాస్తా పిండిముద్ద అవుతాడు. అందుకని రెండు సెకన్ల టైమరు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి కూడా అటువైపు వదలకుండా నిలబడ్డాడు. టిక్. మళ్లీ. టిక్. చంద్రుడు పక్కకు జారిపోతుంటే గొట్టాన్ని వెంట్రుకవాసి జరుపుతూ నలభై ఫొటోలు తీశాడు.

వంటింట్లో బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఫొటోలు ఎక్కించాడు. భార్య అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. ఆవిడ రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టరు. రోజుకు వందల గజాల గుడ్డ మీద సుద్దతో గీతలు గీసే మనిషి. బుధవారం నుంచి ఆయనతో కొలిచి కత్తిరించినట్టే మాట్లాడుతోంది. "భోజనం పెట్టాను." "తలుపు వేసుకోండి." అంతే. తన తమ్ముడి ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి.

బుధవారం పదకొండో అంతస్తుకు సెంట్రింగ్ పలకల కట్ట ఎత్తుతున్నారు. ఆయన పైన క్యాబిన్‌లో ఉన్నాడు. ఆయన బావమరిది స్లాబు అంచున నిలబడి వాకీటాకీలో దారి చెప్తున్నాడు. కట్ట వెళ్లి పరంజాను గుద్దింది. ఒక పైపు ఊడి పడింది. కింది అంతస్తులో ఉన్న వడ్రంగి పక్కకు దూకి ప్రాణం దక్కించుకున్నాడు గానీ కుడి మణికట్టు విరిగింది. "ఆపు అని ఎప్పుడు చెప్పాడు?" అని సైటు ఇంజినీరు అడిగితే "తగిలాక" అన్నాడు ఆపరేటరు. అదే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. బావమరిదిని అడిగితే తల వంచుకుని నిలబడ్డాడు, ఔననలేదు, కాదనలేదు. సోమవారం తేలుస్తాం, అందాకా అతణ్ణి సైటుకు రావద్దన్నారు.

అతణ్ణి సైటంతా "బెదురు" అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది స్వయానా బావే. ఇంకా మూరెడు దూరం ఉండగానే "ఆపు, ఆపు" అని అరుస్తాడని. అలాంటివాడు సరిగ్గా అవసరమైన రోజున నోరు మూసుకున్నాడని ఆయన కోపం.

"ఒకసారి ఇటు చూడు," అన్నాడు భార్యతో. "ఈ గీత నీకెలా కనిపిస్తోంది?"

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. అలవాటుకొద్దీ బొటనవేలు తెర మీద గీత వెంట పై నుంచి కిందికి నడిపించింది.

"తిన్నగా ఉంది."

"మధ్యలో వంగలేదూ?"

"నా స్కేలు పెట్టినా ఇంత తిన్నగా రాదు. ఎందుకు వంగుతుంది?" అని వెనక్కి వెళ్లిపోయింది.

నిజమే. ఫొటోలో ఆయనక్కూడా తిన్నగానే ఉంది. అంటే తప్పు అద్దానిది కాదు. ఐపీస్‌దే అయుండాలి. మళ్లీ పెరట్లోకి వెళ్లి కెమెరా ఊడదీసి రెండో ఐపీస్ పెట్టాడు. వంకర. ఇంకోటి పెట్టాడు. వంకర. గీత పై కొసకు చూపు తీసుకెళ్లాడు. అక్కడ గీత వంగింది, ఇందాకటి నడిమి భాగం బాగుపడింది. కింది కొసకు వచ్చాడు. వంపు కూడా వెంటే వచ్చింది. ఎక్కడ చూస్తే అక్కడే వంగుతోంది, పెంపుడు కుక్కలా చూపు వెంటే తిరుగుతోంది.

ఇరవయ్యేళ్లుగా టెలిస్కోపుకు కుడి కన్నే పెట్టడం అలవాటు. ఇప్పుడు కుడి కన్ను అరచేత్తో మూసి ఎడమ కన్ను ఆనించాడు.

గీత దారం లాగి పట్టుకున్నట్టు నిటారుగా ఉంది.

లోపలికి వచ్చి లాప్‌టాప్ ముందు కూచుని ఎడమ కన్ను మూసుకున్నాడు. ఇంతకుముందు తిన్నగా ఉన్న ఫొటోలో గీత మెల్లగా పక్కకు ఒరిగింది. తెర అంచు కూడా వంగింది. రెండు కళ్లూ తెరిస్తే సర్దుకుంది. మళ్లీ మూశాడు. మళ్లీ వంగింది.

గిన్నెల చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే భార్య ఆయన్నే చూస్తోంది. లాప్‌టాప్ మూసేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది మొదటి "ఆపు".

బుధవారం రెండు సార్లు వినిపించింది. మొదటిది వచ్చినప్పుడు ఆయన కంటికి కట్టకూ పరంజాకూ మధ్య బారెడు జాగా ఉంది. ఈ బెదురుగాడికి ఎప్పుడూ ఇదే గోల అనుకుని లివరును ఇంకొక్కసారి తట్టాడు. రెండో "ఆపు" కేకలా వచ్చింది, అప్పటికే ఇనుము మీద ఇనుము మోగింది. ఇంజినీరుకు రెండోదాని సంగతే చెప్పాడు. మొదటిది లెక్కలోకి రాదనుకున్నాడు. కళ్లెదుట బారెడు జాగా ఉంటే ఆ "ఆపు" అబద్ధమే కదా మరి.

*

శనివారం పొద్దున క్రేను నిచ్చెన ఎక్కుతుంటే ప్రతి మెట్టునూ చేత్తో తడిమి ఎక్కాడు. ఇది కన్నేనని ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నిద్ర చాలక అయ్యుండొచ్చు, వేడి చేసి అయ్యుండొచ్చు. క్యాబిన్ తలుపు వేసి, సీట్లో కూచుని, కాళ్ల మధ్య అద్దంలోంచి కిందికి చూశాడు. పసుపు టోపీల మనుషులు గింజల్లా తిరుగుతున్నారు.

"అన్నా, ఇనుప కడ్డీలు కట్టేశాం. ఎత్తండి," అన్నాడు వాకీటాకీలో కొత్త సిగ్నల్ మనిషి. నిన్నటి దాకా గోదాములో ఉండేవాడు, బావమరిదికి బదులుగా వచ్చాడు. గొంతులోనే తెలుస్తోంది, ఈ పనికి కొత్తని.

కొక్కెం బిగిసింది. కట్ట నేల విడిచి ఒకసారి ఊగి నిలబడింది. ఎనిమిదో అంతస్తు దాటింది. తొమ్మిది. పది. ఆపరేటరు లివరు తటస్థంగా పెట్టి కట్టను గాలిలోనే నిలిపాడు. ఎడమ కన్ను మూశాడు. కొక్కెం చిన్నదై దూరం జరిగింది, ఎవరో వెనక్కి లాక్కున్నట్టు. ఎదుటి భవనం అంచు నడుము దగ్గర వంగింది. కుడి కన్ను మూశాడు. కొక్కెం పెద్దదై ముందుకు వచ్చింది. ఒక్కటే కొక్కెం, ఒక్కటే చోట వేలాడుతోంది. ఆయన కళ్లు రెండూ రెండు దూరాలు చెప్తున్నాయి.

"అన్నా? ఏమైంది, ఆగారు?"

కింద స్లాబు మీద ఐదుగురు చేతులు పైకెత్తి కట్టను అందుకోవడానికి ఎదురుచూస్తున్నారు. ఒకడు టోపీ తీసి తల గోక్కుంటున్నాడు.

"వాళ్లను వెనక్కి జరగమను," అన్నాడు ఆపరేటరు.

"ఎంత వెనక్కి?"

"గోడ దాకా. అందరూ. నేను దించేదాకా ఎవ్వడూ కదలకూడదు."

వాళ్లు విసుక్కుంటూ జరిగారు. ఆయన కుడి కన్ను గట్టిగా మూసుకుని, ఒంటికంటితో, వేలెడు దించి ఆగి, వేలెడు దించి ఆగి, మామూలుగా రెండు నిమిషాల్లో అయ్యే పనిని పావుగంట చేశాడు. కడ్డీలు స్లాబు మీద కూచున్న చప్పుడు వినిపించాక గానీ బిగబట్టిన దవడ వదలలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఇంక ఎత్తను," అన్నాడు. "గాలి ఎక్కువగా ఉంది."

"గాలా? ఇక్కడ దుమ్ము కూడా లేవడం లేదన్నా."

"పైన ఉంది," అని వాకీటాకీ ఆపేసి దిగిపోయాడు.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, గంట సేపు కూచోబెట్టి, గడ్డం ఒక పరికరం మీద ఆనించమని లోపలికంటా చూసింది. చూపు బాగానే ఉందంటారేమోనని చివరి క్షణం దాకా ఆయనకు ఆశ.

"కంటి వెనక తెర కింద నీరు చేరింది. పొక్కులాగా. గీతలు వంగుతాయి, వస్తువులు ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తాయి. మీకు తెలియలేదా?"

"రెండో కన్ను సర్దేసింది కాబోలు."

"అవును, అదే వచ్చిన చిక్కు. ఎన్నాళ్లుగా ఉండొచ్చు?"

"చంద్రుణ్ణి ఫొటో తియ్యక మూడు నెలలైందమ్మా. మబ్బులు. అప్పుడు బాగానే ఉంది."

డాక్టరమ్మ తలెత్తి చూసి, నవ్వబోయి మానుకుంది. "ఏం పని చేస్తారు?"

"డ్రైవింగ్ లాంటిదే."

"ఇది తగ్గేదాకా వద్దు. కొందరికి దానంతటదే ఇంకిపోతుంది, కొందరికి మచ్చ మిగిలిపోతుంది. ఇప్పుడే చెప్పలేను." కాగితం రాసిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు. ఎవరైనా లాక్కుంటారన్నట్టు దారి పొడుగునా ఆ జేబు మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు.

ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే అడిగింది. "కుడి కన్నేనా?"

తలూపాడు.

"సోమవారం వాడి ఉద్యోగం తీసేస్తారు."

"తెలుసు."

"తెలిస్తే మంచిదే," అంది. ఆ రాత్రి అంతకుమించి మాట్లాడలేదు. ఆయన మాత్రం పడుకుని లెక్కలు వేశాడు. కన్ను నెలలో బాగుపడవచ్చు. బావమరిది పడుచువాడు, ఇంకోచోట పని దొరుకుతుంది. క్యాబిన్ ఒకసారి దిగితే ఈ వయసులో మళ్లీ ఎవరెక్కిస్తారు? ఎటు నుంచి చూసినా సబబుగానే ఉంది. సబబుగా ఉన్నకొద్దీ నిద్ర దూరమైంది.

*

ఆదివారం సాయంత్రం బావమరిది గదికి వెళ్లాడు. మూడో అంతస్తులో ఒంటిగది. తలుపు తెరిచే ఉంది. అతను నేల మీద దుప్పటి పరిచి నారింజ రంగు జాకెట్టు ఇస్త్రీ చేస్తున్నాడు. అది కంపెనీది. రేపు తిరిగి ఇచ్చెయ్యాలి.

"రా బావా, కూచో. అక్క రాలేదా?"

"రాలేదు." ఆపరేటరు ఉన్న ఒక్క కుర్చీలో కూచున్నాడు. "తిరిగిచ్చేదానికి ఇస్త్రీ ఎందుకురా?"

"మాసినట్టు ఇస్తే బాగోదు కదా." జేబు మూత ఎత్తి కింద కూడా ఇస్త్రీ పెట్టాడు.

"బుధవారం నువ్వు ముందే చెప్పావు," అన్నాడు ఆపరేటరు ఒక్క ఊపిరిలో. "నేను విన్నాను. విని కూడా ముందుకు తోశాను. నా కన్ను చెడిపోయిందిరా. కుడిది. దగ్గరున్నది దూరంగా కనిపిస్తోంది. నిన్న డాక్టరు చెప్పింది."

ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా జాకెట్టు చేతి మీదికి కదిలింది.

"నాకు తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"కన్నని తెలీదు. ఏదో తేడా ఉందని తెలుసు. రెండు నెలలైంది. నేను ఆపు అన్నాక నువ్వు మూరెడు ముందుకొచ్చి ఆపుతున్నావు. మొదట్లో గాలనుకున్నా. తర్వాత రోజూ అదే మూర. అందుకని నేనే మూరెడు ముందు చెప్పడం మొదలుపెట్టా." ఇస్త్రీ పెట్టె నిలువుగా పెట్టి తీగ లాగేశాడు. "నువ్వు అందరి ముందూ బెదురు అన్నప్పుడు కూడా, పోనీలే, నవ్వుతున్నాడంటే బాగానే ఉన్నాడు అనుకున్నా."

ఆపరేటరుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భోజనాల దగ్గర ఆయన ఆ పేరు పిలిచి నవ్విస్తుంటే, అందరికంటే పెద్దగా నవ్విన వాళ్లలో అతనూ ఉండేవాడు.

"మరి ఇంజినీరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మా బావకు చూపు ఆనడం లేదు, రెండు నెలలుగా నేనే దాచిపెట్టానని చెప్పనా? దాచకుండా నిన్నే అడిగి ఉంటే వడ్రంగన్న చెయ్యి విరిగేది కాదు. అంచున నిలబడి చూసింది నేను. ఆ పైపు ఆయన తల మీదికే దిగిందనుకుని కళ్లు మూసుకున్నా." జాకెట్టు మడత పెట్టబోయి వదిలేశాడు. "నా తప్పేం లేదని రేపు నన్ను వదిలేసినా నేను ఒప్పుకోలేను. నువ్వు తప్పించుకున్నా ఒప్పుకోలేను. ఈ నాలుగు రోజులూ ఎవరికి చెప్పాలో తెలీక చచ్చిపోతున్నా."

ఆపరేటరు లోపలి జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి అతనికిచ్చాడు. అతను రెండుసార్లు చదివి, నలగకుండా ఇస్త్రీ చేసిన జాకెట్టు మీద పెట్టాడు.

*

సోమవారం తొమ్మిదింటికి సైటు ఆఫీసు రేకుల గదిలో బావా బావమరిదీ నిలబడి ఉండగా ఇంజినీరు డాక్టరు కాగితం చదివి, లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు. వయసులో ఆపరేటరు కంటే చిన్నవాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఇది ఇంకెవరు చూశారు?"

"మేమిద్దరమే సార్. ఇంట్లో తెలుసు."

"అయితే జేబులో పెట్టుకోండి." కాగితం వెనక్కి తోశాడు. "అన్నా, మిమ్మల్ని ఎవరడిగారు చెప్పండి? మీరు రాసిచ్చారు, ఈయన కాదనలేదు, పై ఆఫీసుకు పంపేశాను. గురువారం పదకొండో స్లాబు పొయ్యాలి. ఇంకో ఆపరేటరు రావాలంటే మూడు వారాలు. మీరు మెల్లగా చేసుకోండి. శనివారం చేశారుగా, ఒక్క పొల్లు పోలేదు. ఈయన్ని నెల తర్వాత ఇంకో సైటులో వేయిస్తాను. ఎవరికీ నష్టం లేదు."

శనివారం రాత్రి ఆయన వేసుకున్న లెక్కే, అచ్చంగా అదే, ఇంకొకరి నోటి నుంచి వచ్చింది. బయటి నుంచి విన్నప్పుడు అది సబబుగా లేదు.

"మూడు వారాలు," అన్నాడు.

"మూడే."

"ఈ మూడు వారాలూ కొక్కెం కింద మీరు నిలబడతారా సార్?"

ఇంజినీరు నోరు తెరిచాడు. బయట ఎవరో ఇనుము కోస్తున్న చప్పుడు రేకుల్లోంచి వచ్చి గదంతా నిండింది. అది ఆగాక ఆపరేటరు మెళ్లో తాడుకు ఉన్న క్యాబిన్ తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇద్దరూ పోతారు," అన్నాడు ఇంజినీరు చివరికి, బెదిరింపులా కాదు, అలసటగా. "సిగ్నల్ మనిషి తెలిసీ చెప్పలేదని రాస్తే ఈయన కూడా పోతాడు."

"రాయండి సార్," అన్నాడు బావమరిది.

ఇంజినీరు సొరుగులోంచి తెల్లకాగితం తీసిచ్చాడు. ఆపరేటరు రాశాడు. మొదటి సిగ్నల్ సకాలంలో వచ్చింది, విన్నాను, ఆపలేదు. కింద బావమరిది, రెండు నెలలుగా తెలిసీ చెప్పలేదని, తన రెండు వాక్యాలూ రాశాడు. ఇంజినీరు దాన్ని చదివి, ఫోను తీసి పై ఆఫీసుకు కలిపాడు. "గురువారం స్లాబు ఆగుతుంది సార్," అన్నాడు. అవతల కేకలు వీళ్లకు కూడా వినిపించాయి. ఫోను చెవికి దూరంగా పట్టుకుని, వీళ్లను వెళ్లమని చేత్తో సైగ చేశాడు.

గేటు దగ్గర కాపలాదారు ఇద్దరి హెల్మెట్లూ, జాకెట్లూ తీసుకుని పుస్తకంలో సంతకాలు పెట్టించుకున్నాడు. పక్కన బల్ల మీద ఒకావిడ కూచుని ఉంది. కాళ్ల దగ్గర రంపం పిడి బయటికి కనిపిస్తున్న పనిముట్ల పెట్టె. బావమరిదిని చూడగానే చివాల్న లేచింది. వడ్రంగి భార్య, ఆయన పెట్టె తీసుకుపోవడానికి వచ్చింది.

"ఇంకా ఏం ముఖం పెట్టుకుని వచ్చావు?" అంది. "చెయ్యి అతుక్కున్నా పిడికిలి పడుతుందో లేదో చెప్పలేమంటున్నారు. నోట్లో నాలుక లేదా నీకు? ఒక్క మాట, ఒక్క మాట ముందు చెప్తే నీ సొమ్మేం పోయింది?"

అతను తల వంచుకున్నాడు. బుధవారం నిలబడినట్టే నిలబడ్డాడు.

"వాడు చెప్పాడమ్మా," అన్నాడు ఆపరేటరు. "ముందే చెప్పాడు. ఆపనిది నేను. క్రేను మీద ఉన్నది నేనే. నా కన్ను బాగాలేదు, నాకే తెలియలేదు. ఇప్పుడే లోపల రాసిచ్చి వస్తున్నాను."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్లీ కుడి కన్ను. తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా నిలబడాలనుకున్నాడు.

"ఆ మాట నాకు కాదు," అంది. "ఆయనకు చెప్పాలి. ఐదు రోజులుగా గోడకేసి తిరిగి పడుకుని, ఆ కుర్రాడు అలాంటివాడు కాదే, కాదే అని ఒకటే పాట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. వస్తారా?"

"వస్తాను."

బావమరిది వంగి పెట్టె అందుకోబోయాడు. ఆవిడ అతని చెయ్యి పక్కకు తోసి, పెట్టెను కాలితో ఆపరేటరు వైపు జరిపింది.

"ఆయన్ని మొయ్యనీ," అని రోడ్డు దాటడానికి ముందు నడిచింది.

ఆపరేటరు పెట్టె ఎత్తి భుజానికి పెట్టుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుంది. రోడ్డు అంచున ఆగాడు. కుడివైపు నుంచి లారీ వస్తోంది. ఎంత దూరంలో ఉందో నమ్మకంగా తెలియలేదు.

"ఆపు బావా," అన్నాడు బావమరిది పక్క నుంచి.

ఆగాడు. లారీ వెళ్లేదాకా ఆగి, అతను చెప్పాక రోడ్డు దాటాడు.